మేలుకోని కత్తి

"కత్తి మేలుకున్నదా, మేలుకోలేదా? ఒక్క ముక్కల చెప్పున్రి వెంకటేశ్ గారూ. పొద్దుగాల సంది కతలే చెప్తున్నరు."

నా గొంతు కాస్త పెద్దదే. మా చర్చిలో పాటలప్పుడు పాస్టరమ్మ నన్ను కావాలనే వెనక వరసలో నిలబెడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఉలిక్కిపడి, భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మేలుకున్నది మేడం. నా చేతులనే ఊగింది. ఎప్పటి లెక్కనే."

కత్తి మేలుకోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. నిన్న సాయంత్రం ఆదిలాబాద్‌లో బస్సు దిగి ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు నాకూ వచ్చింది. ఈ ఇంటి యజమాని, పనివాళ్లు 'పటేల్' అని పిలిచే సంపత్‌రావుకు పత్తి జిన్నింగు మిల్లు ఉంది. ఆయన తాతలకు తాతల కాలం నుంచి వస్తున్న ఒక పాత కత్తి పూజగదిలో ఉంటుంది. ఏటా దసరా నాడు దాని పిడికి పసుపు గుడ్డ చుట్టి, పిడి కిందికీ మొన పైకీ ఉండేలా ఊదు నిప్పుల మీద నిలబెట్టి, చాలాసేపు పొగ పడతారు. పూజ అయ్యాక పెద్దాయన కత్తి ఎత్తితే పిడిలో అలుగు, అంటే కత్తి రేకు, కటకటమని ఊగుతుందట. అప్పుడు అందరూ దండం పెట్టి 'కత్తి మేలుకున్నది' అంటారు. అమ్మవారు ఇంటికి వచ్చినట్టు లెక్క. తర్వాత ఇంట్లో పనిచేసే మొగిలి పిడిలో మళ్లీ లక్క పెట్టి అలుగును బిగిస్తాడు. అంతే, మళ్లీ దసరా దాకా అది నిద్రపోతుంది.

ఒకరి నమ్మకాన్ని చూసి నవ్వే అలవాటు నాకు లేదు. నవ్వే పరిస్థితీ లేదు. మొన్న దసరా సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గరికి వెళ్లి ఒకరికొకరు ఆకు ఇచ్చుకుంటున్న వేళ, పూజగదిలో సంపత్‌రావు తల పగిలింది. రక్తంలో ఉన్న ఆయన్ని ఒళ్లో పెట్టుకుని మొగిలి దొరికాడు. పక్కన రక్తం అంటిన కత్తి, కాస్త అవతల లక్క ముద్ద, నిప్పుల కుంపటి. ఇంకేం కావాలి పోలీసులకు? నిన్న అతన్ని అరెస్టు చేశారు. ఈ మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతున్నారు.

నన్ను పిలిచింది సంపత్‌రావు కూతురు వనజ. కరీంనగర్‌లో కాపురం. తండ్రిని అక్కడి ఆసుపత్రికే తీసుకుపోయి ఆయన మంచం పక్కన ఉంది. "నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి మేడం. మొగిలి తాత మా బాపు మీద చెయ్యి లేపడు. బాపు లేవకుంటె తాతను ఉరి తీసేదాక వదలరు" అని ఫోన్లో ఏడ్చింది. నేను కరీంనగర్‌లో డిటెక్టివ్‌నే కానీ, మామూలుగా పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు చేసుకునే మనిషిని. పిల్లవాడు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇవీ నా కేసులు. ఆ ఏడుపు విని కాదనలేకపోయాను.

"ఊగిన తర్వాత?" అన్నాను వెంకటేశ్‌తో. ఇతను సంపత్‌రావుకు బావమరిది, వనజకు మేనమామ.

"మా బావ నా చేతికిచ్చి, 'చూడు, ఈ ఏడు బాగ మేలుకున్నది' అన్నడు. పిడి చేతుల పట్టుకుంటే అలుగు గిట్ల గిట్ల ఆడింది. మొగిలిని లక్క పెట్టుమన్నడు. మేమందరం జమ్మికి పోయినం. వాడొక్కడే ఉన్నడు మేడం ఆ గదిల. కత్తి మీద వాని కన్ను ఎన్నటి సందో ఉన్నది. బావ అడ్డం పోయిండు కావచ్చు, పిడితోటి గుద్దిండు." మళ్లీ తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు. "మా అక్క పోయినంక నాకు ఆయనే దిక్కు."

రెండు రోజులుగా తిండి తిన్నట్టు లేడు. నాకు జాలేసింది, ఏం చేయను.

"గిట్ల కూసోని ఏడుస్తే ఏమొస్తది? వనజ ఒక్కతే ఉన్నది ఆసుపత్రిల. ఆమె నిద్రపోయి ఎన్ని గంటలైందో! మీరు పోయి మీ బావ పక్కన కూసోన్రి. సొంతోళ్లు ఒకరు కదలకుంట ఉండాలె."

అతను నా ముఖంలోకి చూసి, చేతులు జోడించి లేచాడు. కారు గేటు దాటేసరికి తొమ్మిదయింది. పొద్దున్నే ఒక మంచిపని చేశాననుకున్నాను.

పన్నెండు కావస్తుండగా జీపు వచ్చి ఆగింది. ముందు సీఐ ఓంప్రకాశ్ దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మొగిలి. కోర్టుకు పోయే ముందు, జరిగింది జరిగినట్టు గదిలో చేయించి చూడాలని తీసుకొచ్చారు. అరుగు మీద కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్న మొగిలి భార్య బుచ్చవ్వ మొగుణ్ణి చూసి లేచి నిలబడింది కానీ నోరు విప్పలేదు. అతనూ ఆమెను చూడనట్టే తల దించుకున్నాడు.

"అచ్ఛా! కరీంనగర్ జాసూస్ మేడం ఇక్కడ్నే ఉన్నరా?" అన్నాడు ఓంప్రకాశ్. "ఏం దొరికింది మేడం? పిల్లగాని జీతం ఎంతనో తెలిసిందా?"

"పిల్లగాని జీతం తెలుసుకునుడు కష్టం సార్. మీ తీరుగ దొరికినోన్ని దొంగ అనుడే అల్క."

కానిస్టేబుల్ ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఓంప్రకాశ్ వాడి వైపు చూసిన చూపుకు ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నేను పట్టిన. కత్తి పిడి మీద వాని వేలిముద్రలు, బట్టల మీద రక్తం. నేను చెయ్యలే అని గూడ అంటలేడు వాడు. నోట్లకెళ్లి ఒక్క మాట రాలే. చెయ్యనోడు సప్పుడు చెయ్యకుంట ఉంటడా?"

అదే నాకూ మింగుడు పడని సంగతి. చేయని మనిషి గుండెలు బాదుకుంటాడు, ఒట్లు పెడతాడు. ఈ మొగిలి మాత్రం మూగనోము పట్టాడు. ఎందుకు? రాత్రంతా దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను, ఏమీ తోచలేదు.

"గది చూడనిస్తరా?"

"చూడున్రి. ముట్టకున్రి."

గది చిన్నది. కింద నున్నటి షాబాదు బండలు. ఎదుటి గోడకు అమ్మవారి పటం, దాని కింద కత్తి పెట్టే పీట. పీట పక్కన పసుపు గుడ్డ విప్పి పడేసి ఉంది. కుంపటిలో చల్లారిన బొగ్గులు. లక్క ముద్ద ఒకటి, తెచ్చింది తెచ్చినట్టే ఉంది. కరిగిన ఆనవాలు లేదు, గోటితో గిల్లినట్టు కూడా లేదు.

"పెద్దాయన గాయం ఫోటో ఉన్నదా సార్?"

విసుక్కుంటూనే ఫోన్ తీసి చూపించాడు. తల వెనక గుండ్రంగా కమిలిన మచ్చ, చిన్న పూరీ అంత ఉంటుంది. ఆ గుండ్రం నడుమ శనగగింజంత లోతైన గుంట. ఎముక అక్కడే చిట్లిందట.

"ఇగ కత్తి చూడున్రి, మీ తృప్తి కోసం" అని కానిస్టేబుల్ చేతిలోని మూట విప్పించాడు. వేలిముద్రలు తీయడం అయిపోయింది కాబట్టి తొడుగులు ఇచ్చి పట్టుకోనిచ్చాడు. "పిడి చివర బిళ్ళ ఉన్నది చూసిన్రా? దాని మీదనే రక్తం. గాయం గుండ్రం, బిళ్ళ గుండ్రం. ఖేల్ ఖతం."

పిడి చివర ఇనుప బిళ్ళ. దాని మీద తామరపువ్వు చెక్కి ఉంది. రేకుల గీతల్లో ఎండిన రక్తం. బొటనవేలితో తడిమాను. బిళ్ళ పలకలా సాఫుగా ఉంది. ఎక్కడా ఒక్క బొడిపె లేదు.

"గుండ్రం సరే. నడుమ గుంట ఎట్ల పడ్డది?"

"ఏం గుంట?"

"ఫోటోల ఉన్నది కద సార్! శనగగింజంత. ఇగో, ఈ బిళ్ళ సాఫ్‌గ ఉన్నది. దీనితోటి కొడితే పలిగితే పలగాలె, గుంట ఎట్ల పడుతది?"

ఓంప్రకాశ్ ఫోటో మళ్లీ చూశాడు. "కింద పడ్డప్పుడు ఏ మొలనో గుచ్చుకున్నది కావచ్చు."

"ఏ మొల?"

ఇద్దరం కిందికి వంగి చూశాం. బండలు అద్దంలా ఉన్నాయి. గడపకు మేకు లేదు. పీట అంచులు అరిగి గుండ్రబడ్డాయి. గోడకు కొట్టిన కొయ్య కూడా మనిషి ఎత్తులో ఉంది. మొల అన్నది ఆ గదిలో లేనే లేదు. సీఐ గారు లేచి మోకాళ్లు దులుపుకుని, డాక్టర్లు ఏదో ఒకటి రాస్తారని గొణిగాడు. నా బుర్ర మాత్రం ఇంకా తిక్కతిక్కగా అయింది. రక్తం పువ్వుకు అంటింది, గాయంలో మాత్రం ముల్లు గుచ్చుకున్న గుర్తు ఉంది. రెండూ ఒకటే కత్తి అంటే ఎట్లా నమ్మాలి?

అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి వనజ నాకొక వీడియో పంపింది. నిరుడు దసరాకు, లక్క పెట్టే ముందు గుడ్డ విప్పినప్పుడు, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకు సంపత్‌రావు కత్తి గురించి చెబుతుంటే తీసిందట. 'బాపు ఎట్ల మాట్లాడుతడో చూడున్రి మేడం' అని పంపింది పాపం. అలసిపోయి ఉన్నాను, సగం చూసి నిద్రపోయాను. నా నిద్ర పాడుగాను! ఇప్పుడు తీసి మొదటి నుంచీ పెట్టాను.

గుబురు మీసాల పెద్దమనిషి, కళ్లలో పిల్లవాడి హుషారు. "అందరు మొన దిక్కు చూస్తరు. పిచ్చోళ్లు! కత్తికి అసలు పెద్దమనిషి ఎనుక కూసుంటడు, గీ బిళ్ళ. గుర్రం మీద ఊపు అందుకున్నప్పుడు చెమట చేతుల పిడి నిలుస్తదారా? జారి ఎగిరిపోతది. గీ బిళ్ళ అడ్డం ఉన్నది గనక చెయ్యి దాటదు. ఇంకోటి చూడు, ముందట ఇంత పొడుగు ఇనుము ఉన్నది. ఎనుక బరువు లేకుంటె రెండు దెబ్బలకే మణికట్టు గుంజుతది." ఆయన కత్తిని అడ్డంగా పట్టి, పిడి దాటి కాస్త దూరంలో ఒక్క వేలు పెట్టి నిలబెట్టాడు. కత్తి అటూ ఇటూ ఊగి, తక్కెడలా నిలిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "మరి దుశ్మన్ మీదికొచ్చి పడ్డంక? కత్తి తిప్పే జాగ ఉండది. గప్పుడు ఎనుకకెళ్లి గుద్దుడే. అందుకే బిళ్ళ మీద గీ మొగ్గ పెట్టిన్రు."

ఆయన బిళ్ళను కెమెరా ముందుకు తిప్పాడు. బిళ్ళ నడుమ మొనదేలిన చిన్న ఇనుప మొగ్గ. సరిగ్గా శనగగింజంత.

వీడియో ఆపాను. చేతిలో ఉన్న కత్తిని అడ్డంగా పట్టి, ఆయన పెట్టినచోటే వేలు పెట్టాను. కత్తి నిలబడలేదు. మొన దభీమని కిందికి వాలింది, ఇంకొంచెం ఉంటే సీఐ గారి బూటు మీద పడేది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నరు మేడం!"

"ఇది ఆ కత్తి కాదు సార్."

"క్యా?"

"ఇది ఆ కత్తి కాదంటున్న. పిడి చూడున్రి, అలుగు చూడున్రి, కలిపి అతుకు వేసిన్రు. దీంట్ల లక్క లేదు, ఏం లేదు. బిళ్ళ ఊరికె అందానికి పెట్టిన్రు, దానికి బరువు గూడ లేదు. అసలు కత్తి ఎవరో మాయం చేసి దీన్ని ఇక్కడ పెట్టిన్రు. పెద్దాయన్ను కొట్టింది అసలు కత్తి మొగ్గతోటి. రక్తం తర్వాత దీనికి పూసిన్రు."

ఓంప్రకాశ్ ముఖం ఎర్రబడింది. ఫోన్ లాక్కుని ఆ మొగ్గను పెద్దది చేసి చూశాడు, మళ్లీ గాయం ఫోటో చూశాడు. మూర్ఖుడే కానీ గుడ్డివాడు కాదు. అయినా వెనక్కి తగ్గే రకం కాదు.

"సరే, ఒప్పుకున్న. అయితె మొగిలే మార్చిండు. కత్తి ముట్టేది వాడొక్కడే. కేసు ఇంకింత గట్టిపడ్డది. థాంక్యూ మేడం."

నా ఒళ్లు మండిపోయింది. నేనే తవ్వి, నేనే ఆ ముసలివాణ్ణి గోతిలో తోసినట్టయింది. ఇంతకీ అతను ఎందుకు మాట్లాడడు? ఏదైతే అదైందని వరండాలోకి వచ్చి, అతని ముందు నేల మీద కూర్చున్నాను.

"మొగిలన్నా, నన్ను వనజ పంపింది. నీ చేతుల పెరిగిన పిల్ల. ఆమె కోసమన్న ఒక్క మాట చెప్పు. దసరనాడు కత్తి మేలుకున్నంక లక్క ఎందుకు పెట్టలే? ముద్ద ముట్టినట్టే లేదు."

మొగిలి పెదవులు కదిలాయి. చూపు మాత్రం బుచ్చవ్వ వైపు పోయింది. వెంటనే మళ్లీ తల దించుకున్నాడు. ఆ చూపుతో నాకు ఒకటి అర్థమైంది. ఇతను తన కోసం నోరు మూసుకోలేదు.

"బుచ్చవ్వా" అన్నాను, ఆమె వైపు తిరిగి. "మూడు గంటలకు నీ పెనిమిటిని జైలుకు తీస్కపోతరు. పెద్దాయనకు ఏమన్న అయితె ఇగ ఇంటికి రాడు. నీకు తెలిసింది కడుపుల పెట్టుకుంటె నీకే పాపం తగులుతది."

ఆ మాటతో ముసలామె కట్టలు తెగింది.

"నాదే బిడ్డా పాపం, నాదే! కత్తి మేలుకోలే! పటేల్ ఎత్తి ఆడిచ్చిండు, ఊపిండు, ఇంతంత గూడ కదలలే. ఈ ఏడు చుట్టాలు రాలే, ఇంట్లోళ్లమే ఉంటిమి. నేను గీ ఇంటికొచ్చినంక ఎన్నడు గట్ల కాలే. అమ్మ ఇల్లిడిచి పోయింది."

"నీ పాపమెట్లయితది?"

"మా అన్న సచ్చిపోయి దినాలు గూడ కాలే. మైల ఉన్నది నాకు. ఇంట్ల ఎవలకు చెప్పలే. చెప్తె పండుగ పూట ఇంట్లకు రావద్దంటరు, చేతిల మనుషులు లేరు, పని ఎట్ల నడుస్తది? ఊదు నిప్పులు నేనే తెచ్చిన బిడ్డా, గీ చేతులతోనే తెచ్చిన. అమ్మకు కోపమొచ్చింది. పటేల్‌ను కొట్టింది." ఆమె తల గోడకేసి కొట్టుకోబోతే కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

"సప్పుడు చెయ్యకు" అన్నాడు మొగిలి. రెండు రోజుల్లో అతను మాట్లాడిన మొదటి మాట అదే. "ఊరోళ్లకు తెలిస్తె నిన్ను బతకనిస్తరా?"

అమ్మో! భార్యను నలుగురూ వేలెత్తి చూపుతారని, నింద ఆమె మీద పడుతుందని, హత్యాయత్నం కేసు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు ఈ మహానుభావుడు. నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

"ఇగో, ఇద్దరు ఇనున్రి" అన్నాను. "అవ్వా, నువ్వు లక్క గాజులు వేసుకున్నవా ఎన్నడన్న?"

"వేసుకోకేం?"

"పొయ్యి కాడ కూసున్నప్పుడు అవి మెత్తబడవా?"

"మెత్తబడుతయి. వేడి తగిలితె ఇగ అంతే."

"మరి లక్కతోటి బిగిచ్చిన కత్తిని, పిడి కిందికి పెట్టి నిప్పుల మీద గంటలకొద్ది నిలబెడితె ఏమైతది?"

బుచ్చవ్వ చెయ్యి గాజుల మీదికి పోయింది. మొగిలి తన అరచేతులు చూసుకున్నాడు. ఓంప్రకాశే ముందు తేరుకున్నాడు.

"అంటే ఏటేట మేలుకునుడు..."

"అమ్మవారి సంగతి నాకు తెల్వది సార్, నేను చెప్పేదాన్ని కాదు. లక్క సంగతి చెప్తున్న. ఇన్నేండ్ల సంది ఊదు పొగ పెట్టి, మీ చేతులతోటే లక్క కరగబెట్టుకొని, ఊగుడు చూసి దండం పెడుతున్నరు. ఈ ఏడు అంతే పొగ పెట్టిన్రు, కత్తి కదలలే. ఎందుకు? కరగనీకి దాంట్ల లక్క లేదు. ఇది దొంగ కత్తి. అవ్వా, నీ మైల గాదు, ఏం గాదు. లేచి కండ్లు తుడుసుకో."

ముసలామె లేవలేదు. అక్కడే కూర్చుని, ఈసారి చప్పుడు లేకుండా ఏడ్చింది.

"ఇగ సీఐ సాబ్, మీరు చెప్పున్రి. మొగిలే కత్తి మార్చి ఉంటె, దొంగ కత్తి ఊగదని ఆయనకు ముందే తెలియదా? లక్క ముద్ద ఎందుకు తెచ్చుకుంటడు? ఊగలేదని మొగుడు పెండ్లాలు గిట్ల కుమిలిపోతరా?"

ఓంప్రకాశ్ గడ్డం గోక్కున్నాడు. "పోతరు, పోరు... జర ఆగున్రి. ఏయ్ మొగిలీ, ఊగలేదని చూసినంక పటేల్ ఏం చేసిండు?"

"గుడ్డ ఇప్పి చూసిండు సార్. మొఖం నల్లగైంది. నన్ను చూడనియ్యలే. అందరు జమ్మికి పోండ్రి, నేను రాను అన్నడు. అమ్మ పోయిందని రంది పెట్టుకున్నడు అనుకున్న. నేను పెరట్ల ఉన్న. దబ్బున సప్పుడైంది, ఏదో పడ్డదనుకున్న. జర సేపటికి అనుమానమొచ్చి ఉరికొచ్చిన. పటేల్ కింద పడి ఉన్నడు, మీద కత్తి. దాన్ని తీసి పక్కకు పెట్టిన. ఎవలు లేరు."

గుడ్డ విప్పి చూశాడంటే తామరపువ్వును చూశాడన్నమాట. కత్తి మారిందని ఆయనకు ఆ క్షణమే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, పోలీసులను పిలవలేదు, అందరినీ బయటికి పంపాడు. దొంగ ఎవరో తెలిసి, పరువు పోకుండా నాలుగ్గోడల మధ్య తేల్చుకోవాలనుకున్న మనిషే అట్లా చేస్తాడు. కత్తి వెనక్కి తెమ్మని ఉంటాడు. అవతలివాడు తెచ్చాడు కూడా. ఇవ్వడానికి చేతులు రాక, వెనక నుంచి దాంతోనే గుద్దాడు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది.

"మొగిలన్నా, పిడికి పసుపు గుడ్డ ఎవరు చుట్టిన్రు? నువ్వేనా?"

"ఎప్పుడు నేనే. ఈసారి చుట్టే వచ్చింది."

"వచ్చిందా? ఎక్కడ్నుంచి?"

"నాగపూర్‌కెళ్లి. శ్రావణంల తుప్పు తీపిస్తనని తీస్కపోయిండు. పండుగ ముందట తెచ్చిచ్చిండు. గుడ్డ ఇప్పకున్రి, అక్కడ పూజ చేపిచ్చిన, మడి పోతది అన్నడు. మేం ఇప్పలే."

"ఎవరు?"

అతను చెప్పకముందే నాకు తెలిసిపోయింది. 'నా చేతులనే ఊగింది మేడం. అలుగు గిట్ల గిట్ల ఆడింది.' అతుకు వేసిన కత్తి ఎవరి చేతిలో ఊగుతుంది? ఊగిందని చెప్పాల్సిన అవసరం, కత్తి మారలేదని అందరూ నమ్మాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? ఏటా జరిగేదే కదా, ఎవరు అడుగుతారులే అని అలవాటుగా అనేశాడు. నేను విన్నాను, తల ఊపాను, పైగా జాలిపడ్డాను.

"వెంకటేశ్ సార్" అన్నాడు మొగిలి.

ఓంప్రకాశ్ టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. "కంప్లైంటు ఇచ్చింది గూడ వాడే" అన్నాడు మెల్లగా. ఆ ముఖంలో వెటకారం పోయింది. "ఇంటి దొంగ! ఏడున్నడు వాడు? పొద్దున ఇక్కడ్నే ఉండె కద?"

నా వేళ్లు వనజ నంబరు వెతుకుతున్నాయి. సీఐకి నా ముఖం చూస్తేనే విషయం అందింది. "మేడం, ఎక్కడికి పంపిన్రు?" అని అరిచాడు. గడియారం ఒంటిగంట దాటింది. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు కారులో నాలుగ్గంటల దారి.

వనజ ఫోన్ ఎత్తింది. గొంతులో ఎంత సంతోషమో!

"మేడం, మీకే చేద్దామనుకుంటున్న! బాపు కండ్లు తెరిసిండు! పొద్దున ఐసీయూలకెళ్లి రూముకు మార్చిన్రు. ఇప్పుడే, మామ లోపలికి రాంగనే కండ్లు తెరిసిండు. మామను చూసి ఏదో చెప్పబోయిండు, మాట రాలే. చెయ్యి ఒకటే కొట్టుకుంటున్నడు. మామను చూసి సంబరమైనట్టున్నది."

"నువ్వెక్కడున్నవ్ వనజా?"

"కింద మందుల దుకాణంల. మామ పంపిండు, ఏదో మందు కావాలె అని. కానిస్టేబుల్‌ను గూడ తిని రమ్మన్నడు పాపం, పొద్దుగాల సంది ఆయన తిననే లేదు. ఫికర్ చెయ్యకున్రి మేడం, బాపు పక్కన మామ ఉన్నడు. మీరే కద ఆయన్ను పంపింది."

"ఉరుకు!" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్లీ అరిచాను. "మందులు ఆడ పడేసి పైకి ఉరుకు వనజా! కనపడ్డోళ్లందర్ని తీస్కొని ఉరుకు!"

ఎందుకని ఆమె అడగలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు, రొప్పు, ఎవరినో తప్పుకోమని కేక. నా పక్కన ఓంప్రకాశ్ ఇంకో ఫోనులో కరీంనగర్ స్టేషన్‌కు అరుస్తున్నాడు. మొగిలి కానిస్టేబుల్ చేతిలోంచి విడిపించుకుని నా దగ్గరికి వచ్చి, ఫోన్ దగ్గర చెవి పెట్టాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

చప్పుడు ఆగింది. తలుపు మీద అరచేత్తో కొట్టడం వినపడింది, ఒకసారి, మళ్లీ ఒకసారి, తర్వాత ఆగకుండా.

"మామా! తలుపుకు గడియ ఎందుకు పెట్టుకున్నవ్? మామా!"